అద్దె గదిలో ఘోరం జరిగితే కడగడం కాదు, ముందు కబురు చెయ్యాలి

(గ్రామీణ విలేఖరి)

ఇల్లు అద్దెకిచ్చాం, నెల తిరగ్గానే అద్దె పుచ్చుకుంటున్నాం, తలుపు లోపల ఏం జరిగితే మనకెందుకు అనుకునే ఇంటివారు పల్లెల్లో ఎక్కువ. చిన్న చిన్న కీచులాటల వరకు ఆ మాట చెల్లుతుంది. ఆ గదిలో హత్య జరిగినా, మనిషి అనుమానాస్పదంగా చనిపోయినా చెల్లదు. ఆ క్షణం నుంచి ఇంటి యజమానిపై చట్టం కొన్ని బాధ్యతలు పెట్టింది. తెలియక కొందరు, తెలిసీ పరువు కోసం మరికొందరు వాటిని తప్పించుకుంటున్నారు. ఇది విచారకరం.

మన ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైటు క్వారీల చుట్టుపక్కల ఊళ్ళలో పెరట్లో రేకులు వేసి, అడ్డుగోడలు కట్టి గదులు అద్దెకివ్వడం మామూలే. ఒడిశా, బీహారు నుంచి పనికి వచ్చినవారు వాటిలో ఉంటారు. మండల కేంద్రాలలో చిరుద్యోగులు, చదువుకునే పిల్లలు, మగదిక్కు లేని ఆడవాళ్ళు పోర్షన్లలో కాపురం ఉంటారు. రాసుకున్న కాగితం ఉండదు, అంతా నోటిమాటే. ఇటువంటివారి ప్రాణం పోతే గట్టిగా అడిగే బంధువులు దగ్గర ఉండరు. వారి తరఫున మొదట నోరు విప్పవలసింది ఇంటి యజమానే.

చట్టం ఏమంటున్నది?

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 33వ సెక్షను ప్రకారం హత్య, దోపిడీ వంటి నేరాలు జరిగినట్లు తెలిసిన ప్రతి మనిషీ వెంటనే పోలీసులకు గాని, మేజిస్ట్రేటుకు గాని తెలియజేయాలి. చెప్పకపోవడానికి సరైన కారణం ఉంటే దానిని రుజువు చేసుకోవలసిన భారం కూడా ఆ మనిషిదే.

34వ సెక్షను పల్లె ప్రజల గురించే ఉన్నది. ఊరిలో గాని, ఊరి దాపున గాని ఎవరైనా ఆకస్మికంగా, అసహజంగా, అనుమానాస్పదంగా మరణిస్తే ఆ ఊళ్ళో నివసించే ప్రతివారూ తమకు తెలిసినది వెంటనే చెప్పాలి. హత్యో ఆత్మహత్యో తెలియక ఊరుకున్నాం అనే మాటకు ఇక్కడ తావు లేదు. అది తేల్చవలసింది పోలీసులు, డాక్టర్లు. ఇది కొత్తగా వచ్చిన నిబంధన కూడా కాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 39, 40 సెక్షన్లుగా ఉన్నదే.

చెప్పవలసిన బాధ్యత ఉండి కావాలని చెప్పకపోతే భారతీయ న్యాయ సంహిత 239వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 18 ఏళ్ళ లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసీ దాచితే 2012 నాటి పోక్సో చట్టం కింద వేరే శిక్ష ఉన్నది.

కడగవద్దు, సర్దవద్దు

శవం లేచీ లేవగానే గది కడిగించి, పసుపునీళ్ళు చల్లి, సున్నం వేయించడం మన ఊళ్ళలో ఆచారం. ఆచారాన్ని ఎవరూ కాదనరు. అయితే దానికి వేళ ఉన్నది. నేల మీది నెత్తుటి మరక, గ్లాసు మీది వేలిముద్ర, మూలన పడిన పురుగుమందు డబ్బా, తలుపు దగ్గరి చెప్పులు ఇవన్నీ సాక్ష్యాలే. 7 ఏళ్ళు, ఆపైన శిక్ష పడదగిన నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు స్వయంగా వచ్చి ఆధారాలు సేకరించి, వీడియో తీయించాలని కొత్త చట్టం చెబుతున్నది. దీనిని తప్పనిసరి చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువిచ్చింది. కడిగేసిన గదికి నిపుణులు వచ్చి ఏం ప్రయోజనం?

నేరస్తుణ్ణి తప్పించే ఉద్దేశంతో సాక్ష్యం మాయం చేస్తే, అది మరణశిక్ష పడదగిన నేరమైనప్పుడు 238వ సెక్షను కింద 7 ఏళ్ళ వరకు జైలు. మైల పోవడానికి కడిగానని చెప్పుకున్నా ముందు అనుమానం ఇంటివారి మీదికే వస్తుంది. కనుక కొన ఊపిరి ఉంటే 108కి, లేకుంటే 112కి ఫోను చెయ్యాలి. పోలీసులు వచ్చేవరకు ఆ గదిలోకి ఎవరినీ పోనివ్వరాదు. పని ముగిసిందని వారు చెప్పిన తరువాతే నీళ్ళ బిందె ఎత్తాలి.

మిగిలినవారిని వీధిన పడేయరాదు

ధనిష్ఠా పంచకమని, ఇంటికి అరిష్టమని శవాన్ని గడప తొక్కనివ్వని ఇంటివారున్నారు. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలిని కర్మలు కాకుండానే ఖాళీ చెయ్యమనేవారున్నారు. అద్దెకున్న మనిషి చనిపోయినంత మాత్రాన అద్దె హక్కు పోదు, వారసులకు వస్తుంది. వేరే ఒప్పందం లేని నెలసరి అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టుకు పోవాలి గాని సామాను బయట పారేయడం, కరెంటు తీసేయడం తగదు.

చనిపోయినవాని సెల్‌ఫోను, సైకిలు, పెట్టె బాకీ అద్దె కింద అట్టిపెట్టుకోవడం కూడా తగదు. పోలీసులు తీసుకున్నవి పోగా మిగిలిన వాటికి జాబితా రాసి, ఇద్దరు పెద్దమనుషుల ఎదుట వారసులకు అప్పగించి సంతకం తీసుకుంటే రేపు ఏ మాటా రాదు.

పోలీసులూ ఆలోచించాలి

ఇంటివారు జంకడానికి కారణం లేకపోలేదు. చెప్పినవాడే ముద్దాయి అవుతాడన్న భయం పల్లెల్లో బలంగా ఉన్నది. సాక్షులుగా ఆడవారిని, 60 ఏళ్ళు దాటినవారిని స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టరాదు, వారి ఇంటివద్దనే విచారించాలి. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం కింద సంతకం పెట్టనక్కర్లేదు. పంచనామా అయితే చదివించుకుని పెట్టాలి. ఈ సంగతులు ఎందరికి తెలుసు?

సాక్ష్యం కోసం గదికి తాళం వేయడం సబబే. పని ముగిశాక కూడా నెలల తరబడి తాళం తీయకపోతే ఆ అద్దె మీద బతికే ముసలివారి గతేమిటి? వస్తువులను స్వాధీనం చేసుకునే అధికారం కింద పోలీసులు స్థిరాస్తిని జప్తు చేయజాలరని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది. తాళం కోసం మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు. న్యాయసేవల సంస్థ ఫోను 15100. ఈ విషయాలను ఎస్సైలు గ్రామసభలకు వచ్చి చెబితే సగం భయం తీరుతుంది. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలి.

దూరదేశం నుంచి కూలికి వచ్చి చనిపోయిన కుర్రవాని తల్లి, నా బిడ్డ ఎలా పోయాడని అడిగితే జవాబు ఆ గదిలోనే ఉంటుంది. ఆ జవాబును చీపురుతో ఊడ్చివేయవద్దని ఇంటి యజమానులకు మనవి.