కొల్లేటి హద్దు ఎక్కడ?

కొల్లేరులో సముద్రమట్టానికి అయిదడుగుల కాంటూరు వరకు అభయారణ్యమని 1999లో ప్రభుత్వం ప్రకటించింది. 308 చదరపు కిలోమీటర్ల ఆ హద్దు లోపల చేపల చెరువులు నిషిద్ధం. ఏ చెరువు లోపల, ఏది బయట అన్న తగవు మాత్రం 2006లో గట్లు కొట్టివేసిన తరువాత కూడా తీరలేదు.

ఉపగ్రహ చిత్రాలతో కొల్లేటిని కొలవడం కొత్త కాదు. అయితే షేప్‌ఫైలులో హద్దు ఒక గీత. చిత్రమేమో గళ్ల గుడ్డ. గీతకు లోపలి గడికి ఒకటి, బయటి గడికి సున్నా వేసి మాస్కు తయారుచేస్తారు. నడిమి గడులతో పేచీ లేదు. గీత గడిని కోసుకుపోయిన చోటనే చిక్కు. గడి నడిబిందువు లోపల ఉంటేనే ఒకటి వేయడం జీడాల్ వంటి సాధనాలలో మామూలు పద్ధతి. గీత తాకిన ప్రతి గడికీ ఒకటి వేయడం మరో పద్ధతి. రెండింటికీ విస్తీర్ణం ఒకటి కాదు. సెంటినెల్-2 చిత్రంలో గడి 10 మీటర్లు, అనగా రెండున్నర సెంట్లు. లాండ్‌శాట్‌లో 30 మీటర్లు, దాదాపు 22 సెంట్లు. తెరమీద అది చుక్కే, చిన్న రైతుకు మాత్రం మడి చెక్క!

గీత ఒక కొలమానంలో, చిత్రం మరొక దానిలో ఉంటే హద్దంతా పక్కకు జరుగుతుంది. యంత్రం నోరెత్తదు.

కనుక ఆక్రమణల లెక్క ప్రకటించేవారు గడి కొలతను, ఎంచుకున్న పద్ధతిని కూడా చెప్పాలి. అంచు గడులను వేరే రంగులో చూపి, నోటీసుకు ముందే అక్కడికి సర్వేయరును పంపాలి. ఆ పటాన్ని పంచాయతీ గోడకు అంటించాలి.