సొమ్మొకడిది, సోకొకడిది

ఏ వంటకం పుట్టుక గురించి అడిగినా ముందు ఒక రాజుగారో, జమీందారుగారో ప్రత్యక్షమవుతారు. వండిన చేతులు మాత్రం కనిపించవు. ఇంగ్లండులో పేరుమోసిన పోర్క్ పై చరిత్ర చదువుతూంటే నాకీ సంగతే తట్టింది. పందిమాంసం అనగానే మా ఇంట్లో మొహాలు చిట్లించారు. తినమనడం లేదు కదా! కథ వినడానికి మడి అడ్డురాదు.

గోధుమపిండితో గిన్నె చేసి, అందులో తరిగిన పందిమాంసం కూరి, పిండిమూత వేసి కాల్చితే అదే పోర్క్ పై. చల్లారాక తింటారు. మధ్యయుగాల్లో ఆ పిండిగిన్నెను 'కాఫిన్' అనేవారు. ఉలిక్కిపడకండి! అప్పట్లో ఆ మాటకు బుట్ట, పెట్టె అనే అర్థాలుండేవి. దళసరిగా, గట్టిగా ఉండే ఆ పెచ్చు తినడానికన్నా లోపలి మాంసాన్ని కాపాడడానికే ఎక్కువ పనికివచ్చేది. వండే గిన్నె, దాచే డబ్బా, మోసుకుపోయే క్యారియరు అన్నీ అదే.

ఈ వంటకంతో పేరు తెచ్చుకున్న ఊరు లీస్టర్‌షైర్‌లోని మెల్టన్ మోబ్రే. ఆ ఊరికే ఎందుకు దక్కిందంటే, 18వ శతాబ్దంలో అక్కడి ఉమ్మడి పొలాలను విడగొట్టి, దడులు కట్టి, పచ్చికబయళ్ళు చేశారు. పచ్చికతో పాడి పెరిగింది. పాడితో స్టిల్టన్ చీజు పెరిగింది. చీజు తీయగా మిగిలిన విరుగుడు తేటను పారబోయడమెందుకని పందులకు పోశారు. అవి బలిసి చలికాలం నాటికి కోతకు వచ్చేవి. సరిగ్గా అప్పుడే నక్కల వేట మొదలు! ఆ దడులమీదుగా గుర్రాలను దుమికించే సరదాకు దొరలు దండుగా దిగేవారు.

పొలం కూలీలూ, దొరల గుర్రాలు చూసే నౌకర్లూ చల్లారిన పైని జేబులో వేసుకుని పనిలోకి వెళ్ళేవారు. నౌకర్లు తింటూంటే చూసి దొరలు అడిగి పుచ్చుకున్నారని అక్కడ చెప్పుకుంటారు. దొరల నోట పడ్డాక పేరుకేం కొదవ? 1831లో ఎడ్వర్డ్ ఆడ్‌కాక్ అనే వ్యాపారి, లీడ్స్ నుంచి లండను పోయే కోచిబండిలో పైలు పంపడం మొదలుపెట్టాడు. తరువాత రైలు వచ్చింది. ఇక చెప్పేదేముంది!

తయారీలోనూ తెలివంతా పనివాళ్ళదే. పందికొవ్వును నీళ్ళతో మరిగించి పిండిలో పోసి కలుపుతారు. ఆ ముద్దను కొయ్య అచ్చు చుట్టూ చేత్తో పైకి లాగి గిన్నె చేస్తారు. అచ్చు తీసేసి, మాంసం కూరి, పక్కన ఏ ఆధారమూ లేకుండా కాలుస్తారు. అందుకే మెల్టన్ పై పక్కలు చిరుబొజ్జలా ఉబ్బి ఉంటాయి. కాలాక మూతలోని కన్నంగుండా ఎముకల రసం పోస్తారు. అది పేరుకుని, సందులు పూడ్చి, గాలి చొరనివ్వదు. ఆవకాయ జాడీలో ముక్కలపైన నూనె తేలాలని మన బామ్మలు పట్టుబట్టేదీ ఇందుకే కదండీ!

పేరు రాగానే అనుకరణలు వచ్చాయి. ఎక్కడెక్కడో చేసి మెల్టన్ పేరు అంటించి అమ్మసాగారు. ఊరి తయారీదార్లు ఏకమై అభ్యంతరం చెప్పారు. ఒక పెద్ద కంపెనీ కోర్టుకెక్కి చివరకు వెనక్కు తగ్గింది. 2009లో యూరోపియన్ యూనియన్ ఆ పేరును నమోదు చేసింది. నిర్ణయించిన ప్రాంతంలో, ఉప్పులో ఊరబెట్టని మాంసంతో, పాత పద్ధతిలో చేసినదే మెల్టన్ మోబ్రే పోర్క్ పై. లోపలి మాంసం గులాబిరంగులో కాక బూడిదరంగులో ఉంటే అది అసలుదానికి ఒక గుర్తు.

కుక్కలతో నక్కలను వేటాడడం ఇంగ్లండులో 2005లో చట్టరీత్యా నిషిద్ధమైంది. దొరల వేట పోయింది. కూలివాడి జేబులోని పై మాత్రం నిక్షేపంలా అంగళ్ళలో ఉంది. పేరు ఊరికి దక్కింది. కానీ, విరుగుడు తేట పారబోయబోయి ఆగి, పందుల తొట్టిలో పోసిన ఆ మొదటి చెయ్యి ఎవరిదో ఏ చరిత్రా వ్రాసుకోలేదు. అసలు సొమ్ము ఆ చేతిది!