కాలమునకు నిలిచిన ఎరలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పరిసరములలో ఏడాది పొడుగున పారు ఏరు లేదు. బాహుద, కౌండిన్య, పాలారు నదులే కాని, వానలు కురిసిననాడే వానికి ప్రవాహము. కనుక ఇచ్చట చేపయన చెరువు చేపయే. వల వేయుటకు చెరువు వేలము పాడవలెను; పుట్టి దింపుటకు పెట్టుబడి కావలెను. గాలమునకు మాత్రము ఒక వెదురుకర్ర, కొంత దారము, నీటిపై తేలుటకు జీలుగుబెండు ముక్క, ఒక కొక్కెము చాలును. బడి విడిచిన పిదప కట్టమీదికి పోవు పిల్లవాడు సైతము ఈ వేటకు అర్హుడే. ఈ నిరాడంబరమైన వేటలో తరతరములుగా మారనిది ఎర. అంగడిలో ఎన్ని క్రొత్త సరకులు వచ్చినను ఎర్ర, పిండిముద్ద, కప్ప అను మూడును తమ స్థానమును విడువలేదు. ఇన్నాళ్ళు నిలిచినవి గనుక మూడును మంచివేయని పెద్దలు చెప్పుదురు. ఆ మాట మొదటి రెండింటి విషయమున నిజము. మూడవదాని విషయమున ఆలోచింపవలసియున్నది.

ఎర యను మాటయే చూడదగినది. కుప్పము సంతలో మూడు భాషలు వినవచ్చును. తమిళమున పశుపక్ష్యాదుల ఆహారము ఇరై. కన్నడమున వానపాము ఎరెహుళు. తెలుగున గాలమునకు గుచ్చునది ఎర, వానపాము ఎర్ర. మన గాలము కన్నడిగులకు గాళ; తమిళులు మాత్రము తూండిల్ అని వేరు దారి పట్టిరి. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయమునకు కూతవేటు దూరమున ఇట్టి మాటలు నేటికిని జీవించియున్నవి. నిఘంటువులలో కన్న చెరువుకట్టలమీద అవి ఎక్కువగా దొరకును.

పెంటదిబ్బ ప్రక్కన తడినేల త్రవ్విన ఎర్ర దొరకును. దానికి ఖర్చు లేదు. కొత్త నీరు వచ్చినపుడు ఈ సీమ చెరువులు ఎర్రమట్టితో కలక బారును. ఆ నీటిలో చేప కంటికి ఏమియు ఆనదు. మీసముల జెల్లకు కన్నుతో పని లేదు. అది మీసముల స్పర్శచేతను వాసనచేతను మేత కనుగొనును. మెలికలు తిరుగు ఎర్ర అట్టి చేపకు తగిన పిలుపు. పిల్లలు దీనిని ఏ పుస్తకమునను చదువలేదు. నీరు తేరినపుడు ఏ ఎర, కలకబారినపుడు ఏ ఎర యని అడిగినచో తడుముకొనక చెప్పుదురు.

పిండిముద్ద కథ ఇంకను పెద్దది. ఈ సీమ తిండి రాగిసంగటి; దానిలో ఒక చిటికెడు కొక్కెమునకు పట్టించుట ఇచ్చటి వారికి సహజముగా తోచిన ఉపాయము. కొందరు తవుడును, వేరుసెనగ చెక్క పొడిని కలుపుదురు. కావేరిలో మాసీరు అను మహామత్స్యమును పట్టుటకు ఒకప్పుడు దేశవిదేశముల నుండి వచ్చిన వేటగాండ్రు వాడినదియు రాగిపిండి ముద్దయే. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదము ఒక రాజవినోదముగా వర్ణింపబడినది. చేపలకు వేయవలసిన మేతల ముచ్చటయు అందు కలదు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ను, 1887లో చెరువులలోని గాలపువేటకే ప్రత్యేకించి ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ను ప్రకటించెను. రాజు వ్రాసెను, దొర వ్రాసెను. కట్టమీద కూర్చుండిన మనవాడు వ్రాయలేదు.

విదేశముల కృత్రిమపు ఎరల చరిత్రయు ఇట్టి పరిశీలననుండి పుట్టినదే. ఫిన్లండు దేశపు జాలరి లౌరి రాపాలా, పెద్దచేప చిన్నచేపల గుంపులో చొచ్చినపుడు తిన్నగా ఈదువానిని విడిచి, తూలుచు ఈదుదానినే పట్టుట గమనించెను. 1936లో బెండును చెక్కి, చాక్లెట్లకు చుట్టు తగరపు కాగితము అంటించి, ఫొటో ఫిల్ములను కరిగించి పూతపూసి, అట్లే తూలు బొమ్మచేపను చేసెను. 1962లో లైఫ్ పత్రిక దానిని గూర్చి వ్రాసినది. మార్లిన్ మన్రో మరణవార్తతో వెలువడిన సంచిక అగుటచే లక్షలమంది చేతులకు చేరి, ఆ జాలరి పేరు ఖండాంతరములకు ప్రాకినది. పేరు పత్రిక తెచ్చినదే కావచ్చును. ఎర నిలిచినది మాత్రము ఆ కుంటినడక వలననే.

ఇక కప్ప. కొర్రమీను పట్టుటకు దీనిని మించినది లేదందురు. బ్రతికియున్న కప్పను వీపుచర్మమున కొక్కెమునకు గుచ్చి, తుంగలోను తామరాకుల నడుమను నీటిపై ఆడింతురు. కొర్రమీను నీటిలోని గాలితో మాత్రము బ్రతుకదు. పైకి వచ్చి గాలి పీల్చుకొనవలసినదే. పైన ఆడు కప్పను చూచినంతనే దూకును. సంతలో దాని వెల మిక్కుటము. తెలంగాణ ప్రభుత్వము 2016లో దానిని రాష్ట్రపు చేపగా ఎన్నుకొన్నది కూడ.

అయితే అనుభవజ్ఞుడైన వేటగాడు కొర్రమీనును ఊరక వెదుకడు. నీటిపై ఎర్రని మబ్బువంటి మరకను వెదుకును. అది దాని పిల్లల గుంపు. పొదిగిన పిదప కొన్ని వారములపాటు పెద్దచేపలు ఆ గుంపు క్రిందనే కావలి యుండును. ఆ మరకపైన కప్పను ఆడించినచో చేప తప్పక వచ్చును. అది ఆకలిచేత వచ్చుట కాదు. పిల్లలమీదికి వచ్చిన శత్రువును తరుముటకు వచ్చుట.

భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత చెప్పిన ఇరువదినలుగురు గురువులలో మీనమును ఒకటి. జిహ్వచాపల్యముచే గాలమునకు చిక్కి చచ్చునని దానినుండి గ్రహింపవలసిన పాఠము. బడులలో ఈ కథ నేటికిని చెప్పుదురు. ఎర్రకు చిక్కిన జెల్ల విషయమున, ముద్దకు చిక్కిన బొచ్చె విషయమున అది సరిపోవచ్చును. కొర్రమీనుపై మాత్రము చాపల్యమను నిందమోపుట న్యాయము కాదు. తల్లిదండ్రులు పోయిన మరునాటికి ఆ ఎర్రని మబ్బు ఇతర చేపలకును కొంగలకును మేత యగును.

ఒక్క పిల్లవాని గాలము చెరువును ఖాళీ చేయునా, వేలము పాడినవాని వల చేయనిది ఇది ఏమి చేయునని కొందరు వాదింతురు. ఈ వాదమున బలము లేకపోలేదు. కాని బొచ్చె, శీలావతి చేపలు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి హార్మోను సూదిమందుతో వానిచే గ్రుడ్లు పెట్టించిననాటి నుండి, వాని పిల్లలను పెంపకపు కేంద్రముల నుండి తెచ్చి చెరువులలో వదలుచున్నారు. ఎన్ని పట్టినను మరల వదలుదురు. మన పల్లె చెరువుల కొర్రమీనుకు చాలవరకు అట్టి దాత లేడు. తన పిల్లలను తానే పెంచుకొనవలెను. దానికి ఒక్క గుంపు నష్టము నష్టమే.

కప్ప పక్షమున కూడ ఒక మాట కలదు. కప్పకాళ్ళ ఎగుమతిని భారత ప్రభుత్వము 1987లో నిషేధించినది. పైరులను తిను పురుగులను అదుపులో ఉంచునది అది. ఇప్పుడు పట్టణపు అంగళ్ళలో రబ్బరుకప్పలు దొరకుచున్నవి. కొర్రమీను వానిమీదికిని దూకును. బ్రతికియున్న కప్పను గుచ్చుట మాని వానిని వాడుట మేలే. అయినను రబ్బరుకప్ప కప్పను రక్షించును గాని కొర్రమీను పిల్లలను రక్షింపదు. కావలియున్న చేపకు రెండును ఒక్కటే.

ఈ విషయము ఇప్పుడే చెప్పవలసిన కారణము ఒకటి కలదు. 2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణాజలములు కుప్పమునకు చేరినవి. చెరువులలో నీరు నిలుచు నెలలు పెరిగినచో గాలము పట్టు పిల్లలును పెరుగుదురు. వారికి వేట వలదని చెప్పుట వ్యర్థము, చెప్పినను వినరు. మదనపల్లె దాపుననే ఋషివ్యాలీ లోయ 1991లో పక్షుల సంరక్షణస్థలమైనది. అచ్చటి పిల్లలు పిట్టలను పేరుపేరున గుర్తింతురు. చెరువులోని చేపలకు అట్టి భాగ్యము పట్టలేదు. ఉపాధ్యాయుడు తరగతిని ఒక సాయంత్రము కట్టమీదికి తీసికొనిపోయి, ఏ చేపకు ఏ ఎరయో పిల్లలచేతనే చెప్పించి, ఎర్రని మబ్బు ఏ నెలలో ఏ తుంగ ప్రక్కన కనబడినదో వ్రాయించినచో అది ప్రకృతిశాస్త్ర పాఠమే యగును. ఆ మబ్బు ఉన్నచోట గాలము దింపరాదను కట్టుబాటును ఆ పిల్లలే చేసికొనగలరు. ఎక్కువకాలము ఆగనక్కరలేదు. పిల్లచేపలు పెరిగినకొలది ఎరుపు తగ్గి నల్లబారును, గుంపు చెదరిపోవును, కావలియు ముగియును. తుంగలో గాలము వేయుటకు అప్పుడు అడ్డు లేదు.