గీత ఒక్కటే, పోత వేరు

విద్యార్థి సంఘం వారు ఈ వార్షిక సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు యువతరం బాధ్యత గురించో, దేశ భవిష్యత్తు గురించో రాద్దామని కూర్చున్నాను. కాని మనసు నిండా ఉన్నది ఒక బుల్లి మోటారు సైకిలు. ఇదే కాలేజీలో నాలుగేళ్లు మెకానికల్ చదివి, వర్క్‌షాపు క్లాసంటే మొహం చాటేసి క్యాంటీనులో గడిపినవాణ్ణి. ఆ పాపం ఇరవై ఏళ్లకు పండింది. ఆ సంగతే మనవి చేస్తాను.

నేనుండేది అమెరికాలో, టెక్సస్‌లో. అక్కడ మట్టి నేలల మీద నడుపుకునే చిన్న మోటారు సైకిళ్లు ఉంటాయి. పిట్ బైకులంటారు. రేసు మైదానంలో బళ్లు బాగుచేసుకునే చోటు పిట్. అక్కడ ఈ మూల నుంచి ఆ మూలకు తిరగడానికి రేసువాళ్లు వాడిన బళ్లు కాబట్టి ఆ పేరు. మా అబ్బాయికి పన్నెండేళ్లు రాగానే ఒకటి కావాలని పేచీ పెట్టాడు. కొత్త జపాను బండి రెండు వేల డాలర్ల పైమాటే. అదే సైజు చైనా బండి అందులో మూడో వంతుకే, పెట్టెలో పెట్టి ఇంటి గుమ్మం ముందు దింపుతారు. చక్రాలూ హ్యాండిలూ బిగించుకుంటే చాలునట. కొనేశాను. మన కాలేజీవాడే, నా మిత్రుడొకడు, అంతకంటే ఎక్కువ డబ్బు పోసి పదిహేనేళ్లనాటి పాత హోండా కొన్నాడు. వాణ్ణి చూసి నవ్వాను కూడా.

మూడో ఆదివారం మా వాడు చిన్న గుంటలో దిగి లేచేసరికి హ్యాండిలు ముందుకు వాలిపోయింది. వాడు బోర్లా పడ్డాడు. హెల్మెట్టు, చేతి తొడుగులు ఉన్నాయి కనుక మణికట్టు వాపుతో పోయింది. చూస్తే హ్యాండిలును పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో రెండు వదులు, ఒకదానికి మర అరిగిపోయింది. ఆ రాత్రి నేనూ మిత్రుడూ కూర్చుని బండి మొత్తం విప్పాం. వెనక చక్రం బేరింగుల్లో గ్రీజు లేదు. పళ్లచక్రం బోల్టులు చేత్తో తిప్పితే తిరిగాయి. ఇంజను ఆయిలు దించితే వెండిపొడి కలిపినట్టు మెరిసింది. పైన పటారం, లోన లొటారం! మా వాడు అప్పుడన్న మాట నేనింకా మరిచిపోలేదు: "ఒరేయ్, నువ్వు కొన్నది బండి కాదురా, బండి సామాను. బండి చేసుకోవడం నీ వంతు."

అప్పట్నుంచి చాలా కాలం చైనా సరుకును తిట్టాను. ఇప్పుడు తిట్టను. ఎందుకో చెబుతాను.

ఈ చైనా ఇంజను, మిత్రుడి హోండా ఇంజను పక్కపక్కన పెట్టి చూడండి, అన్నదమ్ముల్లా ఉంటాయి. సిలిండరు దాదాపు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది. దీని మూలపురుషుడు 1958లో హోండా విడుదల చేసిన సూపర్ కబ్. 2017 నాటికి ఆ బళ్లు 10 కోట్లు తయారయ్యాయి. టోక్యో దగ్గర టామా టెక్ అనే వినోదశాలలో పిల్లల కోసం 1961లో పెట్టిన బుల్లి బండి, తర్వాత 'మంకీ'గా పేరుపడ్డది, ఈ వంశంలోదే. చైనాలో చోంగ్‌చింగ్ నగరం చుట్టుపక్కల కంపెనీలు పోసేది ఆ నమూనానే. అంత దూరం ఎందుకు, మన సైకిల్ స్టాండులోకి వెళ్లండి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, వాటి 97.2 సీసీ ఇంజను కూడా ఈ ఇంటి బిడ్డే. మన లెక్చరర్లు కొందరు ఆ బండి మీదే ఉద్యోగంలో చేరి ఆ బండి మీదే రిటైరయ్యారు.

మరి గీసిన బొమ్మ ఒక్కటే అయినప్పుడు తేడా ఎక్కడ? కంటికి కనపడని చోట. బోల్టు ఉక్కులో, బేరింగులోని గుండ్లలో, వెల్డింగు ఎంత లోతుకు దిగిందన్న దాంట్లో. అన్నిటికంటే ముఖ్యంగా, బండి గేటు దాటకముందు ఎవరో ఒకరు ప్రతి నట్టునూ కొలిచి బిగించారా లేదా అన్న దాంట్లో. ధర తగ్గించాలంటే ముందు తెగేది ఆ మనిషి పనే. చవక బండి కొన్నవాడు ఆ తనిఖీదారు ఉద్యోగం జీతం లేకుండా తన నెత్తికెత్తుకుంటాడు. ఆ సంగతి నాకు పెట్టె మీద ఎవరూ రాసి చెప్పలేదు. నిజమే. కాని ఇంజనీరింగు పట్టా ఉన్నవాణ్ణి, నాకు ఒకరు చెప్పాలా?

నాణ్యత జపాను వాడి రక్తంలో ఉందనే మాట నేనొప్పుకోను. 1950లలో జపాను సరుకన్నా లోకం నవ్వేది. 1950లో డెమింగ్ అనే అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు వెళ్లి ఫ్యాక్టరీలలో నాణ్యతను లెక్కలతో ఎలా అదుపు చేయాలో పాఠాలు చెప్పాడు. వాళ్లు శ్రద్ధగా విన్నారు, మరుసటి ఏడే ఆయన పేరిట బహుమతి పెట్టారు. హోండా 1959లో ఐల్ ఆఫ్ మ్యాన్ రేసులకు మొదటిసారి వెళ్లి, 1961లో 125, 250 సీసీ తరగతులు రెండూ గెలిచింది. అంటే అది నేర్చుకున్న విద్య. నేర్చుకున్న విద్య ఇంకొకడూ నేర్చుకోగలడు. చైనాలోనూ కాస్త ఎక్కువ ధరకు మంచి ఇంజన్లు పోసేవాళ్లు ఉన్నారు. 2001లో హోండాయే, తన బళ్లకు నకళ్లు తయారుచేసిన ఒక చైనా కంపెనీతో పొత్తు పెట్టుకుంది!

వియత్నాం కథ కూడా వినదగ్గది. 2000, 2001 ప్రాంతాల్లో హోండా నకళ్లు చైనా నుంచి ఆ దేశంలోకి వరదలా వచ్చాయి. బండి కొనే స్తోమత లేని లక్షలమంది మొదటిసారి బండెక్కారు. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. అయితే 2002లో హోండా ధర బాగా తగ్గించి వేవ్ ఆల్ఫా అనే బండి తెచ్చేసరికి జనం మళ్లీ అటే మళ్లారు. చవక కావాలి, కాని నాలుగేళ్లు నడవాలి కూడా. సామాన్యుడి తీర్పు అది.

ఇక సంరక్షణ. చైనా బండి కొంటే మొదటి రోజు కిక్ కొట్టకండి. బోల్టులన్నీ తీసి, మర మీద జిగురుమందు వేసి బిగించండి. హ్యాండిలు, ఇరుసులు, ఫుట్‌రెస్టుల దగ్గరివి మంచి ఉక్కువి కొని మార్చండి. బేరింగులన్నిటికీ గ్రీజు పెట్టండి. కంపెనీ పోసిన ఆయిలు పారబోసి కొత్తది పోయండి. ఒక గంట నడిపాక మళ్లీ మార్చండి. ఈ ఇంజన్లలో చాలావాటికి లీటరు ఆయిలు కూడా పట్టదు, కాగితపు ఫిల్టరు ఉండదు, జల్లెడ మాత్రమే. ఆయిలే దానికి మందూ పథ్యమూ. ఫీలర్ గేజితో వాల్వుల సందు చూడండి. ఈ చిన్న ఇంజన్లలో సాధారణంగా 0.05 మిల్లీమీటరు. చువ్వలు బిగించండి, చైను సాగితే మార్చండి. తర్వాత ప్రతి సవారీకి ముందు ఒకసారి పానా చేతపట్టి బండి చుట్టూ తిరగండి.

నా బండికి ఏడాదిలో బేరింగులు, చైను, కార్బురేటరు, ప్లగ్గు మార్చాను. లెక్క వేస్తే బండి ధరలో సగం. అయినా కొత్త జపాను బండి కంటే చవకే, అబద్ధమెందుకు చెప్పాలి? కాని నా ఆదివారాలకు ధర కట్టలేదు. అమ్మినవాడు ఈలోగా దుకాణం ఎత్తేశాడు. విడిభాగాలు కొలతలు చూసుకుని వెతకాలి, ఇరుసు 12 మిల్లీమీటర్లదా 15దా అని. మిత్రుడేమో ఆయిలు మార్చాడు, గాలి వడపోత స్పాంజి కడిగాడు. అంతే. రెండేళ్ల తర్వాత కొన్న ధరకు దగ్గరగా అమ్మేశాడు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పానా పట్టే చెయ్యి, ఓపిక ఉన్నవాడు చైనా బండి కొనుక్కోవచ్చు. అతనికది బండీ, బడీ రెండూను. అవి లేనివాడు, ముఖ్యంగా బిడ్డను ఎక్కించేవాడు, పాతదైనా జపాను బండే కొనాలి. జపాను బండి మన అజాగ్రత్తను కొంతకాలం ఓర్చుకుంటుంది. చవక బండి ఓర్చుకోదు. మన మీద కాకుండా మన బిడ్డ మీద కసి తీర్చుకుంటుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు మీలో కొందరు ఫ్యాక్టరీల్లో ఆ చివరి బోల్టు దగ్గర నిలబడతారు. తనిఖీ తగ్గించి ఖర్చు మిగల్చమని పైవాడు అంటాడు. అప్పుడు ఎక్కడో ఒక మట్టి గుంటలో బోర్లా పడ్డ పిల్లవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. అన్నట్టు, వర్క్‌షాపు క్లాసు ఎగ్గొట్టకండి. మా వాడి మణికట్టు తగ్గిపోయింది. నా సిగ్గు మాత్రం ఇంకా తగ్గలేదు.