అంకెల మాటున దర్శకత్వం

విజయనిర్మల ప్రస్తావన రాగానే తెలుగు సినీవిమర్శ సాధారణంగా 44 చిత్రాల లెక్క చెప్పి, గిన్నిస్ నమోదును స్మరించి ముందుకు సాగిపోతుంది. యద్దనపూడి సులోచనారాణి నవలను ‘మీనా’ (1973)గా మలచినప్పుడు ఆమె ఏది ఉంచారు, ఏది విడిచారు, తానే నాయికగా నటిస్తూ తనను ఏ దూరం నుంచి చూపుకొన్నారు అన్న ప్రశ్నలు అరుదు. నవలను చదివినంత శ్రద్ధగా చిత్రాన్ని చూడనవసరం లేదన్న ధీమా కాబోలు! భానుమతి ‘చండీరాణి’ (1953) త్రిభాషా సాహసంగా మిగిలింది. సావిత్రి ‘చిన్నారి పాపలు’ (1968) ఆమె ఆర్థిక పతనగాథలో ఒక అధ్యాయమైంది. నష్టాల పద్దు దృశ్యవిశ్లేషణ అవుతుందా? పురుషుడికి శైలి, స్త్రీకి జీవితచరిత్ర: ఇదీ జరిగిన పంపకం. స్త్రీ తీసినదనగానే స్త్రీవాదాన్ని వెదికి, దొరక్కుంటే పెదవి విరిచే విమర్శ కూడా తెరను చూడనిదే.