అండమాన్‌లో అందరూ ఢిల్లీ కౌలుదార్లే

ఢిల్లీలో ఇల్లు కొనదలచినవాడు బ్రోకరును మొదట అడిగే ప్రశ్న, స్థలం ఫ్రీహోల్డా, లీజుహోల్డా అని. ఆ ప్రశ్నకు తావే లేని ముఖ్యపట్టణం ఒకటి మన దేశంలో ఉన్నది. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలువబడి, ఇప్పుడు శ్రీ విజయపురమైన అండమాన్ రాజధాని అది. ద్వీపాలలోని భూమి యావత్తూ కేంద్ర ప్రభుత్వానికే చెందినదని 1966 నాటి భూమి రెవిన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ నిర్ద్వంద్వంగా ప్రకటించింది. పౌరుడికి మిగిలేది స్థలం కాదు, స్థలంలో ఉండే హక్కు మాత్రమే.

మరి అక్కడి ఇళ్ల బ్రోకరు అమ్మేదేమిటి? ఈ సందేహాన్ని జంగ్లీఘాట్‌లో ఒక తెలుగు బ్రోకరు ముందు పెట్టాను. ఆయన తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలతో వచ్చినవాడు. మనుమడు ఇళ్ల బేరాలు కుదురుస్తున్నాడు. "కాగితం అమ్ముతాం బాబూ" అని నవ్వాడు. ఆక్యుపెన్సీ హక్కయితే ఒక ధర. అది వారసులకు సంక్రమిస్తుంది, నియమాలకు లోబడి చేతులు మారుతుంది. లైసెన్సు స్థలమైతే మరొక ధర. ఏ కాగితమూ లేకుండా రెండు తరాలుగా కాపురమున్న ఇంటి మాటేమిటని అడిగాను. "దానికి ధర చెప్పను. చెప్తే, కొన్నవాడు రేపు నా గుమ్మం ముందుకొచ్చి తిడతాడు."

నగరాన్ని గురించి ఆయన చెప్పిన లెక్కలు ప్రణాళికలు గీసేవారు వినదగినవి. అబర్దీన్ బజారులో దుకాణం అద్దెను గిరాకీ నిర్ణయిస్తుంది. తక్కిన పేటలలో నిర్ణయించేది నీరు. పట్టణానికి ప్రధానాధారం ధనీఖారీ జలాశయం; వేసవి ముదిరితే కుళాయి రోజు విడిచి రోజు కూడా రాదు. అందుచేత అద్దెకు వచ్చే ఉద్యోగి గదులకంటె ముందు నీళ్ల ట్యాంకు చూస్తాడట. 2004 డిసెంబరు 26 తరువాత మరొక ప్రశ్న పుట్టింది: మెరకా, పల్లమా? ఆ భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ ప్రాంతపు నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాలలో సముద్రపు నీరు నిలిచిపోయింది. సముద్రం కనిపించే గది యాత్రికుడికి ముద్దు. కాపురస్థుడు గుట్ట మీది చోటు వెతుకుతాడు. గుట్ట మీద కట్టుకోవడమూ సులభం కాదు. స్థానికంగా ఇసుక తవ్వకాన్ని క్రమంగా తగ్గించవలసిందిగా 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తీరాలను కాపాడే ఆదేశమే, సందేహం లేదు; భారం మాత్రం ఇల్లు కట్టుకునేవాడి మీద పడింది.

పార్లమెంటు గ్యాలరీలో ఏళ్ల తరబడి కూర్చున్నవాడిగా నన్ను బాధించేది వేరొకటి. ఈ రెగ్యులేషన్ సభలలో చర్చించి చేసినది కాదు. రాజ్యాంగం 240వ అధికరణం కింద రాష్ట్రపతి జారీ చేసినది. అప్పటికి ద్వీపాల లోక్‌సభ సభ్యుడు కూడా నామినేటెడ్ సభ్యుడే; ప్రత్యక్ష ఎన్నిక 1967లో గాని రాలేదు. నేటికీ అక్కడ శాసనసభ లేదు. 2011 జనాభా లెక్కల నాటికి 3.8 లక్షల జనంలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు.

భూమిని కేంద్రం గుప్పిట ఉంచడంలో సదుద్దేశమే లేదనను. ద్వీపాలలో నూటికి ఎనభై పాళ్లకు మించి అడవి. జారవాల, ఓంగీల అరణ్యానికి 1956 నాటి ఆదిమజాతుల రక్షణ రెగ్యులేషన్ కంచె కట్టింది. అది సడలితే ముందు దూకేది ప్రధాన భూభాగపు ధనవంతుడే. కాని అడవికి కావలసిన కంచె ఏనాడో ఊరైపోయిన పేటలలోని కాపురాలకు ఎందుకు? గ్రేట్ నికోబార్‌లో ఓడరేవుకూ కొత్త పట్టణానికీ 2022లో పర్యావరణ అనుమతి ఇవ్వడానికి ఢిల్లీకి తీరిక చిక్కింది. పాత పేటలలో దీర్ఘకాలంగా ఉంటున్న కుటుంబాలకు వారసత్వ హక్కు ఇవ్వడానికి రాష్ట్రపతి సవరణ రెగ్యులేషన్ ఒకటి చాలు. దాని ముసాయిదాను ముందుగా సభలో చర్చకు పెడితే మరీ మంచిది. ద్వీపాల నుంచి లోక్‌సభకు వచ్చే సభ్యుడు ఒక్కడే గనుక, మన తెలుగు సభ్యులైనా ప్రశ్నోత్తరాల సమయంలో లేచి అడగవచ్చు: కాగితం లేని కుటుంబాలు ఎన్ని, ఏ పేటలో, ఎన్నేళ్లుగా?