నీళ్లలోకి దిగేముందు లాకర్‌లో ఏం వదిలేస్తున్నాం?

థీమ్ పార్కులో ఏ పెద్ద రైడ్ దగ్గరికి వెళ్లినా క్యూ మొదట్లో ఒక బోర్డు కనిపిస్తుంది. గుండె జబ్బు, బీపీ, మూర్ఛ, మెడ నొప్పి, నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కవద్దని దాని సారాంశం. ఎండలో అరగంట నిలబడి, పిల్లలు చెయ్యి పట్టి లాగుతుంటే దాన్ని చదివేవాళ్లు తక్కువ. చదివినా, రోజుకో బీపీ మాత్ర వేసుకునే నలభై అయిదేళ్ల మనిషి తనను ఆ జాబితాలో లెక్కేసుకోవాలో వద్దో తేల్చుకోలేడు. ఎక్కుతావా, మానుకుంటావా అని మాత్రమే ఆ బోర్డు అడుగుతుంది. ఎక్కినా ఎక్కకపోయినా ఆ ఆవరణలో మీకేదైనా అయితే, మీ గురించి పక్కవాళ్లకు ఏం తెలుస్తుందన్న రెండో ప్రశ్న ఎక్కడా ఉండదు. నా దృష్టిలో మొదటిదానికన్నా ఈ రెండోదే ముఖ్యం.

జబ్బున్నవాళ్లు అసలు అలాంటి చోటికి వెళ్లడమెందుకు అనేవాళ్లూ ఉంటారు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లే దాదాపు 10.1 కోట్లు. వాళ్లందరినీ ఇంట్లో కూర్చోమంటే సెలవుల్లో పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లే పెద్దవాళ్లే కరవవుతారు. తాతయ్య రోలర్ కోస్టర్ ఎక్కకపోవచ్చు. కానీ అలల కొలనులో మోకాలి లోతు నీళ్లలో నిలబడతాడు, పిల్లల వెంట పొద్దంతా నడుస్తాడు, మధ్యాహ్న భోజనం రెండు గంటలు ఆలస్యం చేస్తాడు. ఆయనకు ముప్పు రైడ్ నుంచి కాదు, ఆ ఆలస్యం నుంచి.

వాటర్ పార్కులో జరిగే ఒక చిన్న పనిని గమనించండి. నీళ్ల ఆటలకు నైలాన్ బట్టలు వేసుకోవాలి. అందుకని చీర, చొక్కా, పర్సు, ఫోను, కళ్లజోడు, మందుల సంచి అన్నీ లాకర్‌లో పెట్టి తాళం వేస్తాం. అంటే మనం ఎవరో, మనకేం జబ్బుందో, ఏ మందు వాడుతున్నామో చెప్పగల ప్రతి వస్తువునూ ఒంటి మీంచి తీసేసి వేలమంది అపరిచితుల మధ్యకు వెళ్తాం. వీధిలో పడిపోయిన మనిషి జేబులో కనీసం ఒక మందుల చీటీ దొరుకుతుంది. ఇక్కడ జేబే ఉండదు.

తాతయ్య సంగతే చూద్దాం. ఆయన పొద్దున గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకున్నాడు. ఆ మందు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. నడక ఎక్కువై, భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే కిందికి జారవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, తికమక దాని గుర్తులు. పైనుంచి కింది దాకా తడిసి ఉన్న మనిషికి చెమట పట్టిందని ఎవరు గుర్తిస్తారు? చల్లటి నీళ్లలోంచి వచ్చినవాడు వణుకుతుంటే అందరిలాగే అనుకుంటారు. ఆయన బీపీకో గుండెకో మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడుతుంటే దడ, వణుకు ఆయనకే సరిగా తెలియకపోవచ్చు. ఇక మిగిలేవి తడబడే మాట, తూలే నడక. వాటిని చూసినవాళ్లు తాగొచ్చాడనే అనుకుంటారు.

స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు చాలు, చాలామంది పావుగంటలో తేరుకుంటారు. స్పృహ లేనివారికి నోట్లో ఏమీ పోయకూడదు. గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి ఒకసారి తేరుకున్నా చక్కెర మళ్లీ పడిపోవచ్చు, ఆయన్ను కొంతసేపు కనిపెట్టుకుని ఉండాలి. ఇదంతా ప్రథమ చికిత్స గదిలోని నర్సుకు తెలిసిన విషయమే. ఆమెకు తెలియనిది ఒక్కటే, ఈయనకు షుగరుందని, ఈ మాత్ర వాడుతున్నాడని.

రైడ్ ఎక్కేవారి సంగతి వేరు. జర్మనీ వైద్యులు 55 మంది ఆరోగ్యవంతులకు గుండె లయను నమోదు చేసే పరికరాలు తగిలించి రోలర్ కోస్టర్ ఎక్కించారు. గుండె వేగం సగటున నిమిషానికి 91 నుంచి 153కు పెరిగిందని 2005లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సదస్సులో చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న గుండె దీన్ని తట్టుకుంటుంది. స్టెంట్ వేయించుకుని రెండు నెలలే అయిన గుండె సంగతి దాని డాక్టరే చెప్పాలి. రక్తం పలచబరిచే మందు వాడేవారికి మరో చిక్కు ఉంది. జారుడు బల్ల చివర తలకు తగిలిన చిన్న దెబ్బ మామూలు మనిషికి బొప్పితో పోతుంది. అసినోకౌమరాల్ వాడే మనిషికి అదే దెబ్బ లోపల రక్తస్రావానికి దారితీయవచ్చు. బయటికి ఏమీ కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి పంపాలి. పంపాలని తెలియాలంటే ఆ మందు పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

ఏం రాయాలి? మనవాళ్లు ముందుగా రాసేది బ్లడ్ గ్రూపు. స్కూలు ఐడీ కార్డు మీద, ఆఫీసు కార్డు మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే. నిజానికి అత్యవసరంలో డాక్టరుకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది అదే. కార్డు చూసి ఏ ఆసుపత్రీ రక్తం ఎక్కించదు. నమూనా తీసి గ్రూపు మళ్లీ పరీక్షించి, దాత రక్తంతో సరిపోల్చాకే ఎక్కిస్తుంది. దీనికి ఒక మినహాయింపు చెప్పుకోవాలి. 1952లో ముంబయిలో డాక్టర్ వై.ఎం. భెండే బృందం గుర్తించిన బాంబే బ్లడ్ గ్రూపు ఉన్నవాళ్లు మాత్రం తప్పక రాసుకోవాలి, వాళ్లకు ఓ గ్రూపు రక్తం కూడా పడదు.

బ్లడ్ గ్రూపు కన్నా ముందు రాయాల్సింది జబ్బు పేరు, మందుల జెనరిక్ పేర్లు, మోతాదు, పడని మందులు, ఒంట్లో అమర్చిన పరికరం, ఇద్దరి ఫోన్ నంబర్లు, రాసిన తేదీ. బ్రాండు పేరు ఒక్కటే రాస్తే మరో రాష్ట్రంలో డాక్టరు వెతుక్కోవాలి. ఇచ్చే ఫోన్ నంబర్లలో ఒకటి ఆ రోజు పార్కుకు రాని మనిషిది అయితే మేలు, వచ్చినవాళ్ల ఫోన్లు కూడా లాకర్‌లోనే ఉంటాయి మరి. డాక్టరు కోసం ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో, పక్కనున్నవాళ్ల కోసం తెలుగులో ఒక్క ముక్క రాస్తే చాలు. జీవిత చరిత్ర అక్కర్లేదు. విజిటింగ్ కార్డులో పట్టనిది ఆ నిమిషంలో ఎవరూ చదవరు.

ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా అనవచ్చు. ఫోన్ లాక్ తెరవకుండానే జబ్బు వివరాలు చూపించే సదుపాయం నిజంగా మంచిది, ఇంకా నింపనివాళ్లు ఇవాళే నింపుకోవాలి. 14 అంకెల ఆభా నంబరూ మంచిదే. కానీ దాంట్లోని రికార్డులు మామూలుగా మన అనుమతితో తెరుచుకోవాలి, ఆ రక్షణ ఉండాల్సిందే కూడా. స్పృహ తప్పిన మనిషి ఓటీపీ చెప్పలేడు. 108 అంబులెన్సు వచ్చేసరికి ఫోన్ లాకర్‌లో, లాకర్ తాళం మనవడి చేతికి, మనవడు ఏ జారుడు బల్ల మీదో ఉంటే ఆ డిజిటల్ రికార్డు అక్కరకు రానట్టే.

కాబట్టి సమాచారం ఒంటి మీదే ఉండాలి. అమెరికాలో డాక్టర్ మారియన్ కాలిన్స్ కూతురికి 1953లో టెటనస్ మందు పడక ప్రాణం మీదికి వచ్చింది. ఆ తర్వాత ఆ కుటుంబం ఆమె కోసం తయారు చేయించిన కంకణమే 1956లో మెడిక్అలర్ట్ అనే సంస్థగా మారింది. ఒంటికి కట్టుకునే కాగితం మనకు మాత్రం కొత్తా? పిల్లల మొలతాడుకో దండకో తాయెత్తు కట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మెడలో తాడు మాత్రం పార్కులో వద్దు. రైడ్‌లో ఎక్కడైనా చిక్కుకుంటే అదే ఉరి అవుతుంది, చాలాచోట్ల తీసేయమంటారు కూడా. మణికట్టుకు బిగుతుగా ఉండే సిలికాన్ పట్టీ నయం. చిన్నపిల్లలకైతే ముంజేతి మీద చెరగని పెన్నుతో జబ్బు పేరు, ఫోన్ నంబరు రాసినా సరిపోతుంది.

అసలు అడ్డంకి పట్టీ కాదు, సిగ్గు. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి చల్లటి నీళ్లు, ఒంట్లో నీటి కొరత, అలసట కలిస్తే భరించలేని నొప్పి రావచ్చు. పార్కులో ఈ మూడూ ఒకే రోజు దొరుకుతాయి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ప్రభుత్వమే కార్డులు ఇస్తోంది. అది బీరువాలో ఉంటే నొప్పితో ముడుచుకుపోయిన పిల్ల నటిస్తోందనుకుంటారు.

మూర్ఛ విషయంలో దాపరికం ఇంకా ఎక్కువ. ఆడపిల్లకు ఫిట్స్ ఉన్నాయంటే సంబంధం కుదరదని తల్లిదండ్రుల భయం. ఒకప్పుడు చట్టమే ఆ భయానికి ఊతమిచ్చింది. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అనర్హతల్లో మూర్ఛ ఒకటిగా ఉండేది, దాన్ని 1999లో తీసేశారు. చట్టం మారినా ఇళ్లలో గుసగుస పోలేదు. ఫలితంగా ఆ పిల్ల కొలను గట్టున పడిపోతే చుట్టూ చేరినవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెడతారు, నోట్లో చెంచా దూర్చబోతారు. చేయాల్సింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తలకింద మెత్తటిది పెట్టడం, గడియారం చూడటం. అయిదు నిమిషాలు దాటితే 108. ఫిట్ నీళ్లలోనే వచ్చి ఉంటే అయిదు నిమిషాలు ఆగే పని లేదు.

బడి విహారయాత్రల్లో ఇది అందరికంటే పిల్లలకు ముప్పు. అనుమతి పత్రంలో "ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా" అన్న గీత దగ్గర తల్లి కలం ఆగుతుంది. రాస్తే బస్సు ఎక్కించుకోరని ఆమె ఆలోచన, అది ఉత్తి భయమూ కాదు. అందుకే ఆమె "లేవు" అని రాస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టే ముందు పత్రాన్ని మార్చాలి. ఇక్కడ ఏం రాసినా మీ బిడ్డను యాత్ర నుంచి తప్పించం, వెంట వచ్చే ఒక టీచరుకు మాత్రమే చెబుతాం అని ఆ గీత పైనే అచ్చు వేయాలి. వేశాక ఆ మాట మీద నిలబడాలి.

పార్కుల వాళ్లు చేయగలిగేది ఇంకా తేలిక. చాలా పార్కుల్లో టికెట్ కింద మణికట్టుకు ఒక రంగు పట్టీ కడతారు. నీళ్లలో తడవనిది, రోజంతా ఊడనిది, అందరికీ ఉండేది. దాని బయటి వైపు పార్కు గుర్తు, ప్రకటన ఉంటాయి. లోపలి వైపు ఖాళీ. ఆ ఖాళీలో, ఇష్టమున్నవాళ్లు, జబ్బు పేరు, మందు పేరు, ఫోన్ నంబరు రాసుకోనివ్వొచ్చు. చర్మానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి క్యూలో పక్కవాడికి కనిపించదు. పార్కు రికార్డుల్లోకీ ఎక్కదు, సాయంత్రం మనిషితోపాటే బయటికి పోతుంది. ఇందుకు కావలసింది పట్టీ లోపల నాలుగు గీతలు, టికెట్ కౌంటర్ దగ్గర నీళ్లకు చెరగని ఓ పెన్ను. ఎవరైనా పడిపోతే ముందు ఆ పట్టీ తిప్పి చూడాలని లైఫ్‌గార్డులకు ఒక పూట శిక్షణ.